కుదిరిన రోగం, తిరిగొచ్చిన దయ్యం: ‘చంద్రముఖి’ కొనసాగింపు చిత్రాలు – చారిత్రక పరిశీలన (నాగల్‌గిద్ద సరిహద్దు ప్రాంత నేపథ్యంతో)

వ్యాససంగ్రహం

1993లో మలయాళంలో వెలువడిన ‘మణిచిత్రతాళు’ కథ కన్నడ, తమిళ, తెలుగు, హిందీ ప్రేక్షకులను వేర్వేరు రూపాల్లో చేరింది. తెలుగువారికి అది 2005లో ‘చంద్రముఖి’ అనువాద చిత్రంగా పరిచయమైంది. దానికి కొనసాగింపుగా 2010లో ‘నాగవల్లి’, 18 ఏళ్ల తరువాత 2023లో ‘చంద్రముఖి 2’ వచ్చాయి. మూలకథ దయ్యాన్ని మనోరోగంగా నిర్ధారించి ముగిసింది. కొనసాగింపు చిత్రాలు ఆ నిర్ధారణను ఏం చేశాయన్నది ఈ వ్యాసం చర్చిస్తుంది. తెలంగాణ, కర్ణాటక సరిహద్దులోని నాగల్‌గిద్ద ప్రాంతపు భాషా స్థితిని, బాణామతి నమ్మకాల చరిత్రను నేపథ్యంగా తీసుకొని, ఆలస్యంగా వచ్చే భయానక కొనసాగింపు చిత్రాన్ని అంచనా వేయడానికి కొన్ని ప్రమాణాలను ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: చంద్రముఖి, నాగవల్లి, మణిచిత్రతాళు, కొనసాగింపు చిత్రం, భయానకం, ద్వంద్వ వ్యక్తిత్వం, బాణామతి, నాగల్‌గిద్ద

1. ఉపోద్ఘాతం

విజయవంతమైన సినిమాకు కొనసాగింపు తీయడం తెలుగు చిత్రసీమలో ఇటీవల సాధారణమైంది. భయానక చిత్రాల్లో ఈ ధోరణి మరింత ఎక్కువగా కనిపిస్తుంది. 2007 నాటి ‘మంత్ర’కు 2015లో ‘మంత్ర 2’, 2014 నాటి ‘గీతాంజలి’కి 2024లో ‘గీతాంజలి మళ్ళీ వచ్చింది’ వెలువడ్డాయి. రామ్‌గోపాల్ వర్మ హిందీలో తీసిన ‘భూత్’ (2003)కు ‘భూత్ రిటర్న్స్’ 2012లో వచ్చింది. మొదటి చిత్రానికీ రెండవ చిత్రానికీ మధ్య ఏళ్లు గడిచేకొద్దీ ప్రేక్షకుడి జ్ఞాపకం ఒక కొలబద్దగా స్థిరపడుతుంది. రెండవ చిత్రం ఆ జ్ఞాపకంతో పోటీ పడవలసి వస్తుంది.

ఇలాంటి చిత్రాలపై వచ్చే సమీక్షలు సాధారణంగా ఒకే ప్రశ్న అడుగుతాయి: పాతదానంత బాగుందా, లేదా? ఈ ప్రశ్నకు వచ్చే జవాబు చాలా సందర్భాల్లో ‘లేదు’ అనే ఉంటుంది. అంతటితో చర్చ ముగిసిపోతుంది. కాని కొనసాగింపు చిత్రం మొదటి చిత్రంతో పోటీ పడటమే కాక, దాని అర్థాన్ని కూడా మార్చగలదు. మొదటి కథ ఎక్కడ ముగిసిందో, ఏమి తేల్చి ముగిసిందో తిరిగి నిర్ణయించే అధికారం రెండవ కథకు ఉంటుంది. భయానక చిత్రంలో ఈ అధికారం మరింత కీలకమైనది. ఎందుకంటే అక్కడ తేలవలసిన ప్రధానాంశం ‘దయ్యం ఉందా, లేదా’ అన్నదే.

‘చంద్రముఖి’ పరంపర ఈ చర్చకు తగిన ఉదాహరణ. నాలుగు దక్షిణాది భాషలతోనూ సంబంధమున్న కథ ఇది. కన్నడ, తెలుగు భాషలు కలిసే నాగల్‌గిద్ద వంటి సరిహద్దు ప్రాంతం నుంచి చూసినప్పుడు, చెన్నై నుంచో హైదరాబాదు నుంచో చూస్తే కనిపించని కొన్ని అంశాలు ఇందులో స్పష్టమవుతాయి.

2. నాగల్‌గిద్ద: సరిహద్దు, భాష, నమ్మకం

నాగల్‌గిద్ద సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలోని మండల కేంద్రం. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో మనూరు మండలం నుంచి విడివడి కొత్త మండలమైంది. కర్ణాటకలోని బీదర్ జిల్లాను ఆనుకొని ఉన్న ఈ ప్రాంతానికి మహారాష్ట్ర కూడా దూరం కాదు. హైదరాబాదు సంస్థానంలో నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలో భాగం. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు బీదర్ జిల్లాలో కొంత భాగం మైసూరు రాష్ట్రానికి వెళ్లగా, నారాయణఖేడ్ తాలూకా మెదక్ జిల్లాలో కలిసి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది. పాలనాపరమైన సరిహద్దు మారినా బంధుత్వాలు, సంతలు, జాతరలు, మాటలు ఆ గీతతో పాటు మారలేదు. ఇక్కడ తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ వినిపిస్తాయి. తండాల్లో లంబాడా భాష వినిపిస్తుంది.

ఈ ప్రాంతానికి మరో చరిత్ర కూడా ఉంది. మెదక్, బీదర్ ప్రాంతాల్లో ‘బాణామతి’ పేరుతో ఒక నమ్మకం దీర్ఘకాలం బలంగా ఉండేది. ఇళ్లపై రాళ్లు పడటం, బట్టలు అంటుకోవడం, స్త్రీలు ఉన్నట్టుండి వింతగా అరవడం, ఒళ్లు తెలియకుండా మాట్లాడటం వంటివాటిని ఎవరో చేసిన బాణామతిగా భావించేవారు. బాధితురాలు ఒకరైతే, శిక్షకు గురయ్యేది మరొకరు. మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో మనుషులను కొట్టడం, పళ్లు పీకడం, ప్రాణాలు తీయడం తెలంగాణ పల్లెల చరిత్రలో నమోదైన దారుణాలు. 1980లలో విజయవాడలోని నాస్తిక కేంద్రం కార్యకర్తలు మెదక్ జిల్లాలో పర్యటించి, ఈ నమ్మకానికి వ్యతిరేకంగా అవగాహన కార్యక్రమాలు నిర్వహించారు. ఆ తరువాతి కాలంలో ఇరుగుపొరుగు రాష్ట్రాలైన మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో మంత్రతంత్రాల పేరిట జరిగే అమానుష చర్యలను నిషేధిస్తూ చట్టాలు చేశాయి.

ఒక స్త్రీ తనది కాని గొంతుతో మాట్లాడినప్పుడు చుట్టూ ఉన్నవారు దానికి ఏ పేరు పెడతారన్నది ఇలాంటి ప్రాంతంలో వినోదానికి పరిమితమైన విషయం కాదు. ‘రోగం’ అని పేరు పెడితే ఆమెను ఆసుపత్రికి తీసుకువెళతారు. ‘దయ్యం’ అంటే భూతవైద్యుడి దగ్గరకు తీసుకువెళతారు. ‘బాణామతి’ అంటే, చేసినవారి కోసం ఊళ్లో వెతుకుతారు. ‘చంద్రముఖి’ పరంపరలోని చిత్రాలన్నీ ఈ పేరు పెట్టే సమస్య చుట్టూనే తిరుగుతాయి.

3. మూలకథ ప్రస్థానం

3.1. ‘మణిచిత్రతాళు’ నిర్ధారణ

ఫాజిల్ దర్శకత్వంలో, మధు ముట్టం రచనతో ‘మణిచిత్రతాళు’ 1993 డిసెంబరులో విడుదలైంది. మోహన్‌లాల్, సురేశ్ గోపి, శోభన ప్రధాన పాత్రధారులు. శోభనకు ఉత్తమ నటిగా జాతీయ పురస్కారం లభించింది. పాత తరవాడు, తాళం వేసిన గది, తంజావూరు నుంచి తెచ్చిన నర్తకి నాగవల్లి, ఆమెను చంపిన ఇంటి పెద్ద – ఇవన్నీ దయ్యం కథకు కావలసిన సామగ్రి. నాట్యశాస్త్రం భయానక రసానికి చెప్పిన విభావాల్లో వికృత ధ్వని, భూతదర్శనం, శూన్యగృహం ఉన్నాయి. ఈ చిత్రం వాటిని పూర్తిగా వాడుకుంటుంది. కాని భయానికి కారణాన్ని చివరకు గదిలో కాక గంగ మనసులో చూపుతుంది. ఆమె బాల్యంలోని ఒంటరితనం, తల్లిదండ్రులకు దూరంగా పెరగడం, విన్న కథలో లీనమయ్యే స్వభావం – వీటన్నింటినీ వైద్యుడు సన్నీ ఒక రోగచరిత్రగా కూర్చుతాడు.

ఈ కథలో మరో అంశం ప్రత్యేకంగా గమనించదగినది. ఇంట్లో జరిగే అనర్థాలకు అనుమానం మొదట శ్రీదేవి అనే మరో స్త్రీపై పడుతుంది. వైద్యుడు చేసేది ఆ అనుమానం తప్పని రుజువు చేయడం, అసలు బాధితురాలిని నేరస్థురాలిగా చూడకుండా కాపాడటం. బాణామతి అనుమానం ఎలా పనిచేస్తుందో తెలిసిన ప్రాంతంలో ఈ రెండు పనుల విలువ వేరుగా వివరించనక్కరలేదు.

ఈ రుగ్మతకు అప్పట్లో వాడుకలో ఉన్న పేరు బహుళ వ్యక్తిత్వ రుగ్మత. చిత్రం వచ్చిన మరుసటి ఏడాది, 1994లో, అమెరికా మానసిక వైద్యుల సంఘం తన నిర్ధారణ గ్రంథంలో ఆ పేరును మార్చింది. సినిమా చూపిన చికిత్స వైద్యశాస్త్రం ఒప్పుకొనేది కాకపోవచ్చు. అయినా ‘ఇది రోగం, ఈమె నిర్దోషి’ అన్న వాక్యాన్ని దక్షిణాది ప్రేక్షకులకు ఇంత బలంగా వినిపించిన వాణిజ్య చిత్రాలు అరుదు.

3.2. కన్నడ, తమిళ రూపాలు

పి. వాసు దర్శకత్వంలో 2004లో కన్నడలో ‘ఆప్తమిత్ర’ వచ్చింది. విష్ణువర్ధన్, రమేశ్ అరవింద్ నటించిన ఈ చిత్రంలో గంగ పాత్రను తెలుగువారికి సుపరిచితురాలైన సౌందర్య పోషించారు. 2004 ఏప్రిల్ 17న విమాన ప్రమాదంలో ఆమె మరణించిన కొన్ని నెలలకు చిత్రం విడుదలైంది. మరుసటి ఏడాది, 2005 ఏప్రిల్ 14న, అదే దర్శకుడు రజనీకాంత్, జ్యోతిక, ప్రభు, నయనతారలతో తీసిన తమిళ ‘చంద్రముఖి’ విడుదలైంది. దాని తెలుగు అనువాదం ఆంధ్రప్రదేశ్‌లో ఘనవిజయం సాధించింది. హిందీలో ప్రియదర్శన్ ‘భూల్ భులయ్యా’ (2007) తీశారు.

ఈ మార్పుల్లో రెండు చిత్రాల భవిష్యత్తును నిర్ణయించాయి. మొదటిది, పి. వాసు చిత్రాల్లో కథానాయకుడే పురాతన రాజుగా కూడా కనిపించడం. మలయాళంలో మోహన్‌లాల్ ఇంటి పెద్ద పాత్రను ధరించలేదు. కన్నడంలో విష్ణువర్ధన్, తమిళంలో రజనీకాంత్ రాజవేషంలో కనిపించి, ఆ కొద్ది నిమిషాలతోనే ప్రేక్షకుల మనసులో నిలిచిపోయారు. అంతవరకు ఊరివారి నోట విన్న కథ ఇక్కడ కంటికి కనిపించే చరిత్ర అయింది. రెండవది, ‘చంద్రముఖి’లోని భారీ సర్పం. దానికి చిత్రంలో హేతుబద్ధమైన వివరణ ఏదీ లేదు. వైద్యుడి నిర్ధారణతో తలుపు మూసుకున్నా, ఈ రెండు కిటికీలు తెరిచే ఉన్నాయి. కొనసాగింపు చిత్రాలు ఆ కిటికీల గుండానే వచ్చాయి.

3.3. నర్తకి భాష

ఈ పరంపరలో దయ్యానికి ఎప్పుడూ పరభాషే ఉంటుంది. మలయాళ చిత్రంలో నర్తకి తమిళం మాట్లాడుతుంది. కన్నడ, తమిళ చిత్రాల్లో ఆమె తెలుగు మాట్లాడుతుంది. వాటి పతాక సన్నివేశంలోని పాట కూడా తెలుగులోనే ఉంటుంది. హిందీలో ఆమె బెంగాలీ అవుతుంది. తమిళ చిత్రాన్ని తెలుగులోకి అనువదించినప్పుడు ఒక చిక్కు వచ్చింది: నర్తకి తెలుగే మాట్లాడితే ఆమె పరాయిది కాకుండా పోతుంది. అందువల్ల తెలుగు రూపంలో ఆమె చేత తమిళం పలికించారు. పాట కూడా తమిళమైంది. భయం అనే భావం ఒక భాషకు పుట్టుకతో అంటుకొని ఉండదని, ‘మనది కానిది’ అనే స్థానానికి మాత్రమే అంటుకుంటుందని ఈ తిరగవేత నిరూపిస్తుంది.

నాగల్‌గిద్ద వంటి చోట ఈ పద్ధతి అంత తేలికగా పనిచేయదు. కన్నడ, తెలుగు రెండూ తెలిసిన ప్రేక్షకుడికి ‘ఆప్తమిత్ర’లోని నర్తకి మాటలు పరాయివి కావు. భయపెట్టడానికి ఉద్దేశించిన మాటలు ఆ ప్రేక్షకుడికి అర్థమవుతాయి. అర్థమైనప్పుడు వాటిలోని దుఃఖం ముందుగా వినిపిస్తుంది: పరాయి దేశానికి బలవంతంగా తీసుకురాబడి, ప్రియుడిని పోగొట్టుకొని, ప్రాణం పోగొట్టుకున్న స్త్రీ మాటలవి. భాషా సరిహద్దులోని వినికిడి, దయ్యాన్ని మనిషిగా గుర్తించే అవకాశం ఇస్తుంది. కొనసాగింపు చిత్రాలను అంచనా వేయడంలో ఈ అంశాన్ని కూడా గుర్తుంచుకోవాలి.

4. కొనసాగింపు చిత్రాలు

4.1. ‘ఆప్తరక్షక’, ‘నాగవల్లి’

పి. వాసు 2010లో కన్నడంలో ‘ఆప్తరక్షక’ తీశారు. అది విష్ణువర్ధన్ 200వ చిత్రం. 2009 డిసెంబరు 30న ఆయన మరణించగా, 2010 ఫిబ్రవరిలో చిత్రం విడుదలైంది. ‘ఆప్తమిత్ర’ కథానాయిక, ‘ఆప్తరక్షక’ కథానాయకుడు ఇద్దరూ తమ చిత్రాలు తెరకెక్కక ముందే కన్నుమూయడం కన్నడ ప్రేక్షకుల జ్ఞాపకంలో విషాదంగా నిలిచింది. దీనిని నాగవల్లి శాపమని చెప్పుకొనే మాటలు ప్రచారంలోకి వచ్చాయి. ఒక సినిమా దయ్యం లేదని చెప్పినా, దాని చుట్టూ అల్లుకొన్న లోకం దయ్యాన్ని తిరిగి పుట్టించుకోగలదనడానికి ఇది నిదర్శనం.

‘ఆప్తరక్షక’ కథనే వెంకటేశ్, అనుష్కలతో ‘నాగవల్లి’గా తెలుగులో తీశారు. అది 2010 డిసెంబరు 16న విడుదలైంది. తెలుగు చలనచిత్ర చరిత్రలో ‘నాగవల్లి’ స్థానం విచిత్రమైనది. అది నేరుగా తెలుగులో తీసిన చిత్రం. కాని దాని మొదటి భాగం తమిళం నుంచి అనువాదమైన చిత్రం. దాని కథ కన్నడ కొనసాగింపు చిత్రానికి పునర్నిర్మాణం. పాత వైద్యుడి స్థానంలో ఆయన శిష్యుడు వస్తాడు. నర్తకి చిత్రపటం ఒక ఇంటికి చేరడంతో అనర్థాలు మొదలవుతాయి. పురాతన రాజు శతాధిక వృద్ధుడై ఇంకా బతికే ఉన్నాడని చివరకు తేలుతుంది.

ఈ మలుపు కథనపరంగా సాహసమే. మొదటి చిత్రంలో రాజు ఒక జ్ఞాపకం, నర్తకి ఒక కల్పిత వ్యక్తిత్వం. రాజును సజీవంగా నిలబెట్టడంతో కథ నేరపరిశోధన వైపు కొంత జరుగుతుంది. చనిపోయిన స్త్రీకి చేసిన అన్యాయానికి బాధ్యుడు ఇంకా ఉన్నాడు, అతడికి శిక్ష పడాలి అన్న నైతిక తర్కం ఇందులో ఉంది. అయితే దీనికి చెల్లించిన మూల్యం పెద్దది. వైద్యుడి పాత్ర మిగిలినా, కథ మలుపు తిరిగేది వైద్యం వల్ల కాదు. పటానికి నిజంగానే శక్తి ఉందని నమ్మితే తప్ప సంఘటనలు పొసగవు. రోగచరిత్ర చెప్పే ఓపిక ఈ చిత్రానికి లేదు. బాధితురాలి బాల్యం, ఆమె ఒంటరితనం, ఆమె మనసు వెనుకకు జరిగి, కోట, పటం, రాజు ముందుకు వచ్చాయి.

4.2. ‘చంద్రముఖి 2’

‘చంద్రముఖి’ వచ్చిన 18 ఏళ్ల తరువాత, 2023 సెప్టెంబరు 28న, ‘చంద్రముఖి 2’ తమిళంతో పాటు తెలుగు తదితర భాషల్లో విడుదలైంది. దర్శకుడు పి. వాసుయే. రాఘవ లారెన్స్, కంగనా రనౌత్, రాధిక, లక్ష్మీ మీనన్ ప్రధాన పాత్రధారులు. మొదటి చిత్రంలోని హాస్యపాత్రలో వడివేలు మళ్లీ కనిపిస్తారు. సంగీతం ఎం.ఎం. కీరవాణి. కులదైవం పూజ కోసం వచ్చిన ఒక కుటుంబం పాత రాజభవనంలో దిగుతుంది. ఆ ఇంటి యువతిలో చంద్రముఖి ప్రవేశిస్తుంది. లారెన్స్ రాజవేషంలో కూడా కనిపిస్తారు.

ఈ చిత్రం ‘నాగవల్లి’ని ఏ విధంగానూ గుర్తించదు. దాంతో తెలుగు ప్రేక్షకుడికి ఒకే మూలానికి పరస్పరం పరిచయం లేని రెండు కొనసాగింపులు మిగిలాయి. ఒకదానిలో రాజు బతికే ఉన్నాడు. మరొకదానిలో రాజు పుట్టుపూర్వోత్తరాలే వేరు. ఈ పొంతన లేమి కంటే మౌలికమైన సమస్య మరొకటి ఉంది. మొదటి చిత్రంలోని చంద్రముఖి గంగ మనసు కల్పించుకొన్న వ్యక్తిత్వం. గంగకు నయమైనప్పుడు ఆ వ్యక్తిత్వం కరిగిపోవాలి. వేరొక కుటుంబంలోని వేరొక యువతిలో అదే చంద్రముఖి మళ్లీ వస్తే, అర్థం ఒక్కటే: అప్పుడు కూడా అది రోగం కాదు, ఆత్మే. వైద్యుడు పొరబడ్డాడు. భూతవైద్యుడు చెప్పిందే నిజం. ‘చంద్రముఖి 2’ ఈ మాటను నేరుగా ఎక్కడా అనదు. అనవలసిన అవసరం కూడా లేదు. పేరు పక్కన 2 అంకె చేర్చడంతోనే ఆ పని జరిగిపోయింది. ‘పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట’ అన్న సామెత ఈ స్థితికి సరిగ్గా సరిపోతుంది.

హిందీలోనూ ఇదే జరిగింది. ‘భూల్ భులయ్యా’ వచ్చిన 15 ఏళ్లకు, 2022లో, అనీస్ బజ్మీ దర్శకత్వంలో వచ్చిన రెండవ భాగం కొత్త పాత్రలతో, నిజమైన ఆత్మలతో నడిచింది. అది పెద్ద వాణిజ్య విజయం. కనుక వసూళ్లను బట్టి ఇలాంటి చిత్రాన్ని తూచితే అసలు ప్రశ్న మరుగున పడుతుంది. మలయాళంలో మాత్రం ‘మణిచిత్రతాళు’కు నేరుగా కొనసాగింపు రాలేదు. 20 ఏళ్ల తరువాత, 2013లో, ప్రియదర్శన్ ‘గీతాంజలి’లో మోహన్‌లాల్ వైద్యుడు సన్నీగా తిరిగివచ్చారు. ఆ చిత్రపు గుణదోషాలు వేరే చర్చ. అక్కడ తిరిగివచ్చినది వైద్యుడే గాని నర్తకి కాదన్న తేడా మాత్రం ముఖ్యమైనది.

5. పోలిక: ‘సైకో’, ‘సైకో 2’

ఆలస్యంగా వచ్చిన కొనసాగింపు మొదటి చిత్రాన్ని కాపాడుతూనే ముందుకు వెళ్లగలదా? ప్రపంచ సినిమాలో దీనికి తరచుగా చర్చకు వచ్చే ఉదాహరణ ‘సైకో 2’. ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ ‘సైకో’ 1960లో వచ్చింది. రాబర్ట్ బ్లాక్ 1959 నవల దానికి మూలం. తల్లి వ్యక్తిత్వాన్ని తనలో నిలుపుకొన్న నార్మన్ బేట్స్ కథ అది. ద్వంద్వ వ్యక్తిత్వాన్ని ప్రధాన వస్తువుగా చేసుకోవడంలో ‘మణిచిత్రతాళు’కు అది ముందుతరం బంధువు. హిచ్‌కాక్ 1980లో మరణించారు. 1983లో రిచర్డ్ ఫ్రాంక్లిన్ దర్శకత్వంలో, టామ్ హాలండ్ రచనతో, ఆంథొనీ పెర్కిన్స్ అదే పాత్రలో ‘సైకో 2’ వెలువడింది.

రెండు చిత్రాల మధ్య గడిచిన 23 ఏళ్లను ఈ చిత్రం కథలోకి తీసుకుంది. నార్మన్ 22 ఏళ్ల చికిత్స తరువాత స్వస్థుడని తేలి విడుదలవుతాడు. మొదటి చిత్రంలో అక్క హత్యకు గురైన లైలా పాత్రను వేరా మైల్స్ మళ్లీ పోషించారు. ఆమె ఆ విడుదలను సహించలేదు. కూతురితో కలిసి అతడిని మళ్లీ పిచ్చివాడిని చేయడానికి పన్నాగం పన్నుతుంది. నయమైన మనిషిని లోకం నయమైనవాడిగా బతకనిస్తుందా అన్నది ఈ చిత్రం వేసిన ప్రశ్న. ముగింపు కలిగించే విమర్శలు ఎన్ని ఉన్నా, మొదటి చిత్రపు నిర్ధారణను అది రద్దు చేయలేదు. దానిని అంగీకరించి, దాని తరువాత ఏమి జరుగుతుందని అడిగింది.

ఈ వెలుగులో ‘చంద్రముఖి’ కొనసాగింపులను చూసినప్పుడు ఒక లోటు కనిపిస్తుంది. గంగ ఎక్కడ? నయమైన తరువాత ఆమె ఆ కుటుంబంలో ఎలా బతికింది? భర్త ఆమెను నిర్భయంగా చూడగలిగాడా? ఆమె కోపగించుకొన్న ప్రతిసారీ ఇంట్లోవారు ఒకరి ముఖం ఒకరు చూసుకొన్నారా? ఒకసారి ‘దయ్యం పట్టినది’ అన్న పేరు పడ్డ స్త్రీకి పల్లెలో ఆ పేరు ఎంతకాలం వెంటాడుతుందో తెలిసినవారికి ఈ ప్రశ్నలు కల్పితాలు కావు. అసలైన భయానక కథ అక్కడే ఉంది. 18 ఏళ్ల వ్యవధి ఆ కథ చెప్పడానికి అవసరమైన కాలాన్ని కూడా సమకూర్చింది. ‘నాగవల్లి’ గాని, ‘చంద్రముఖి 2’ గాని ఆ దారిలో నడవలేదు. రెండింటిలోనూ గంగ కథాకేంద్రం నుంచి అదృశ్యమైంది. రోగి వెళ్లిపోయి రోగం మాత్రం మిగిలింది.

6. అంచనాకు ప్రమాణాలు

పై పరిశీలన ఆధారంగా, ఆలస్యంగా వచ్చే భయానక కొనసాగింపు చిత్రాన్ని అంచనా వేయడానికి నాలుగు ప్రమాణాలను ప్రతిపాదించవచ్చు.

మొదటిది నిర్ధారణ. మొదటి చిత్రం భయానికి ఇచ్చిన కారణాన్ని రెండవ చిత్రం గౌరవించిందా? మార్చితే, ఆ మార్పును కథలోనే ఎదుర్కొందా, లేక మాట్లాడకుండా దాటవేసిందా? రెండు చిత్రాలూ దాటవేసినవే.

రెండవది కాలం. మధ్యలో గడిచిన ఏళ్లు కథలో భాగమయ్యాయా? ‘నాగవల్లి’ రాజు వయసును మాత్రమే పెంచింది. ‘చంద్రముఖి 2’లో 18 ఏళ్లు భవనం పాతబడటానికి తప్ప మరి దేనికీ ఉపయోగపడలేదు.

మూడవది న్యాయం. బాధిత స్త్రీ, చనిపోయిన నర్తకి, అనుమానానికి గురైన మనిషి – ఈ ముగ్గురిలో ఎవరి పక్షాన చిత్రం నిలిచింది? రాజును శిక్షార్హుడిగా నిలబెట్టడంలో ‘నాగవల్లి’ నర్తకి పట్ల కొంత న్యాయం చేసింది. బాధితురాలి పట్ల మొదటి చిత్రం చూపిన శ్రద్ధ మాత్రం అందులో లేదు.

నాలుగవది భయం తీరు. భయం శూన్యగృహం, ధ్వని, నిరీక్షణల నుంచి పుడుతుందా, లేక వేషం, పెద్ద శబ్దాలు, పాత సన్నివేశాల పునరావృత్తి నుంచి వస్తుందా? జ్యోతిక నటనలో కళ్లు, నడక, గొంతు క్రమంగా మారుతూ వచ్చాయి. ఆ క్రమమే భయానికి మూలం. కొనసాగింపు చిత్రాల్లో ప్రేక్షకుడు ఎదురుచూసే వేషం ముందే తెలిసినది కావడంతో ఆ క్రమం నిలవలేదు.

7. ఒక ప్రతివాదం

ఈ ప్రమాణాలకు ఒక సహజమైన అభ్యంతరం ఉంది. సినిమా చూసేవారు దానిని సినిమాగానే చూస్తారు. దయ్యం కథలో దయ్యం ఉండటం దోషమెలా అవుతుంది? ‘అరుంధతి’ (2009) వంటి చిత్రం ఆత్మను, పునర్జన్మను నమ్మే లోకంలోనే నిజాయతీగా నడిచి విజయం సాధించింది కదా?

ఈ అభ్యంతరం సమంజసమైనదే. ఆత్మలున్న కథాలోకం తనంతట తాను దోషం కాదు. ‘అరుంధతి’ మొదటినుంచీ తన లోకపు నియమాలను ప్రకటించి వాటికి కట్టుబడింది. ‘చంద్రముఖి’ ప్రకటించిన నియమం వేరు. భయపెట్టి, ఆ భయానికి కారణం చెప్పి, బాధితురాలిని విముక్తురాలిని చేస్తానని అది ప్రేక్షకుడికి మాట ఇచ్చింది. ఆ మాట నిలబెట్టుకొంది. కొనసాగింపు చిత్రాలు అదే పేరుతో ప్రేక్షకుడిని పిలిచి, ఆ మాటను వెనక్కి తీసుకున్నాయి. మొదటి చిత్రంలోనే సర్పం, రాజవేషం వంటి పగుళ్లు ఉన్నాయన్నది నిజమే. పగుళ్లున్న గోడను మరమ్మతు చేయడమా, కూల్చడమా అన్నది తరువాత వచ్చినవారి నిర్ణయం.

ఒక సినిమా వల్ల నమ్మకాలు పుడతాయని గాని, పోతాయని గాని ఈ వ్యాసం వాదించడం లేదు. బాణామతి నమ్మకం సినిమాల కంటే పాతది. దానిని తగ్గించినవి విద్య, వైద్యం, చట్టం, కార్యకర్తల కృషి. అయినా, ఇంట్లో ఎవరైనా వింతగా ప్రవర్తించినప్పుడు ‘ఇది చంద్రముఖి లాంటిది, డాక్టరుకు చూపించాలి’ అని చెప్పడానికి ఆ చిత్రం ఒక పోలికను అందించింది. పోలిక చిన్న వస్తువే. అవసరమైన సమయంలో అది నోటికి రావడం చిన్న విషయం కాదు. కొనసాగింపు చిత్రాలు ఆ పోలికను పాడుచేశాయి.

8. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. ‘మణిచిత్రతాళు’ నుంచి ‘చంద్రముఖి’ వరకు వచ్చిన రూపాలు దయ్యాన్ని మనోరోగంగా నిర్ధారించే కథాచట్రాన్ని నిలుపుకొన్నాయి. అయితే పి. వాసు రూపాల్లో కథానాయకుడి రాజవేషం, వివరణ లేని అంశాలు కొనసాగింపులకు దారి తెరిచాయి.

2. నర్తకికి పరభాషను ఇవ్వడం ఈ పరంపరలో భయోత్పాదన సాధనం. తెలుగు అనువాదంలో ఆమెను తమిళురాలిగా మార్చడం దీనికి నిదర్శనం. నాగల్‌గిద్ద వంటి బహుభాషా సరిహద్దులో ఈ సాధనం బలహీనపడి, నర్తకి దుఃఖం వినిపించే అవకాశం పెరుగుతుంది.

3. ‘నాగవల్లి’ (2010), ‘చంద్రముఖి 2’ (2023) ఒకదానినొకటి గుర్తించని రెండు కొనసాగింపులు. రెండూ మొదటి చిత్రపు నిర్ధారణను చర్చించకుండానే రద్దు చేశాయి. రెండింటిలో ‘నాగవల్లి’ నర్తకికి జరగవలసిన న్యాయం గురించి ఆలోచించినందున కొంత మెరుగైనది.

4. గడిచిన కాలాన్ని కథగా మలచుకొన్న ‘సైకో 2’తో పోల్చినప్పుడు, నయమైన గంగ జీవితమే ఈ పరంపర చెప్పకుండా వదిలిన కథ అని స్పష్టమవుతుంది.

బాణామతి పేరిట మనుషులు నష్టపోయిన నేలపై, ‘ఆమెకు రోగం, ఆమె నిర్దోషి’ అని చెప్పిన చిత్రానికి వినోదాన్ని మించిన విలువ ఉంది. దాని పేరును వాడుకొనే ఏ కొనసాగింపునైనా ఆ వాక్యాన్ని ఏం చేసిందన్న ప్రశ్నతోనే తూచవలసి ఉంటుంది. గంగ కోలుకొన్న తరువాతి ఉదయం నుంచి మొదలయ్యే చిత్రం ఇంకా రాలేదు. అది వస్తే, ఎంత ఆలస్యమైనా, అసలైన రెండవ భాగం అదే అవుతుంది.